ఫైబర్ పడవ అంచు సందుకి పెయింట్ పట్టే సీలెంట్ ఏది వాడాలి?

వశిష్ఠ_తీరం | ఏప్రిల్ 26

అందరికీ నమస్కారమండి. మాది సఖినేటిపల్లి దగ్గర. నాన్నగారి ఫైబర్ పడవ ఒకటి ఉంది, 20 అడుగులది. వేట నిషేధం జూన్ 14 దాకా ఉంది కదా, ఈలోపే పడవని ఒడ్డుకెక్కించి మరమ్మతులు ముగించాలని చూస్తున్నాను.

పడవ పై అంచు చుట్టూ చెక్క పట్టీ బోల్టులతో బిగించి ఉంటుంది. ఆ చెక్కకీ ఫైబరుకీ మధ్య సందు వచ్చింది, 3 నుంచి 4 మిల్లీమీటర్లు ఉంటుంది. అల పక్కనుంచి కొట్టినప్పుడల్లా అక్కడినుంచి నీళ్ళు లోపలికి దిగుతున్నాయి. పోయినేడాది బాత్రూముల్లో వాడే సిలికాన్ కొట్టాను. కొన్నాళ్ళు ఆగింది. కానీ దాని మీద నీలం పెయింట్ వేస్తే తామరాకు మీద నీళ్ళలా ముడుచుకుపోయింది. ఎన్ని కోట్లు వేసినా అంతే. ఇప్పుడు ఆ సిలికాన్ కూడా ఒక పక్క లేచిపోయింది.

దీంతోపాటు వెనక ఇంజను బిగించే పలక పక్కన జానెడు పొడవున సన్నటి చీలిక ఉంది. రెంటికీ ఒకే సీలెంట్ సరిపోతుందా? పైన పెయింట్ నిలవాలి. మాకు ఇక్కడ దొరికేది మామూలు ఎనామిలే.

హార్బర్_పెయింటర్ | ఏప్రిల్ 26

తమ్ముడూ, విశాఖ హార్బరులో బోట్లకి రంగులు వేయడం నా పని. ముందు ఆ సిలికాన్ సంగతి చూడు. సిలికాన్ మీద ఏ పెయింటూ పట్టదు. పైగా దాని జిడ్డు చుట్టుపక్కల ఫైబరు మీద కూడా పాకి ఉంటుంది. కంటికి కనపడదు. పెయింట్ వేసినప్పుడు మాత్రం చిన్న చిన్న గుంటలుగా చేపకళ్ళలా విచ్చుకుంటుంది. థిన్నరుతో తుడిచి పోగొడదామంటే గుడ్డతో ఇంకాస్త దూరం రుద్దినట్టే అవుతుంది.

ముందు బ్లేడుతో మొత్తం గీకెయ్. తర్వాత గీకిన చోట, దానికి అటూ ఇటూ రెండేసి అంగుళాలు 80 నంబరు ఎమరీ పేపరుతో పైపొర పోయేలా రుద్దు. పేపరు మాటిమాటికీ మార్చు. వాడిన పేపరుతోనే రుద్దితే సిలికాన్‌ని మళ్ళీ పూసినట్టే. చివర్లో శుభ్రమైన గుడ్డతో అసిటోన్ పెట్టి తుడువు, ఒకే దిక్కున, గుడ్డ తిప్పుకుంటూ.

రసాయనం_మాస్టారు | ఏప్రిల్ 27

హైదరాబాదులో అంటుపదార్థాల ల్యాబులో చాలా ఏళ్ళు పనిచేసి రిటైరయ్యాను. చీలిక గురించి ముందు చెబుతాను, ఎందుకంటే అది పెద్ద విషయం.

చీలికకి సీలెంట్ వద్దు. ఇంజను బిగించే పలక దగ్గర చీలిక వచ్చిందంటే అక్కడ బలం చాలట్లేదని అర్థం. సీలెంట్ నీటిని ఆపుతుంది, బలాన్ని ఇవ్వదు. పైన పూసి రంగు వేస్తే లోపల చీలిక పెరుగుతూనే ఉంటుంది, మీకు కనపడదు. చీలికని వాలుగా అరగదీసి, గాజు పీచు మ్యాట్, రెసిన్‌తో పొరలు కట్టించాలి. పలక లోపల చెక్క నాని మెత్తబడిందేమో సుత్తి పిడితో కొట్టి చూడండి. గట్టి చెక్క ఖణ్‌మంటుంది, నానిన చెక్క మొద్దుగా మోగుతుంది.

ఒక హెచ్చరిక. రెసిన్ కలిపేటప్పుడు, అది తొందరగా గట్టిపడేలా వేసే కోబాల్టునీ, గట్టిపడేందుకు వేసే ఎంఈకేపీనీ ఎప్పుడూ నేరుగా ఒకదానిలో ఒకటి పోయకండి. మంటలు లేస్తాయి, పేలనూవచ్చు. ముందు కోబాల్టుని రెసిన్‌లో బాగా కలిపి, ఆ తర్వాతే ఎంఈకేపీ వేయాలి. రెండు సీసాలూ పక్కపక్కన కూడా పెట్టకండి.

ఇక అంచు సందు. అక్కడ చెక్క ఒక రకంగా కదులుతుంది, ఫైబరు ఒక రకంగా కదులుతుంది. అక్కడ కావలసింది సాగే సీలెంటే. మార్కెట్లో మీకు నాలుగు రకాలు తగులుతాయి. సిలికాన్‌కి పెయింట్ పట్టదు, దాన్ని పక్కన పెట్టేయండి. మిగిలిన మూడు పాలీయురేథేన్, పాలీసల్ఫైడ్, ఎమ్మెస్ పాలిమర్. మూడింటి మీదా పెయింట్ వేయొచ్చనే ట్యూబు మీద ఉంటుంది. ఆ మాట నిజమే కానీ, ఏ పెయింట్ అన్నది అక్కడ రాసి ఉండదు. చిక్కంతా అక్కడే వస్తుంది.

ప్యూజెట్_తెలుగోడు | ఏప్రిల్ 27

మాది భీమవరం, ఇప్పుడు సియాటిల్‌లో ఉంటాను. 14 అడుగుల చిన్న బోటు ఉంది, ప్యూజెట్ సౌండ్‌లో పీతలకి వెళ్తుంటాం. ఇక్కడ అందరి నోటా వినపడేది 3ఎం 5200. పాలీయురేథేన్. పెయింట్ కూడా పడుతుంది. కానీ దయచేసి ఆ అంచు పట్టీకి 5200 వాడొద్దు.

నేను తాడు కట్టే కొక్కెం ఒకటి దాంతో బిగించాను. మూడేళ్ళకి కొక్కెం వంగితే తీయాల్సి వచ్చింది. బోల్టులు విప్పినా అది కదల్లేదు. సన్నటి ఉలి పెట్టి లేపితే కొక్కెంతోపాటు కింద ఉన్న జెల్‌కోటు, అంటే ఫైబరు నున్నటి పైపొర, అరచేతి మేర ఊడి వచ్చింది. అది శాశ్వతంగా అతికించడానికి చేసిన సరుకు. మళ్ళీ విప్పే అవసరం వచ్చేచోట అదే కంపెనీ 4200 గానీ, సికాఫ్లెక్స్ 291 లాంటిది గానీ నయం. చెక్క పట్టీ అన్నాక ఎప్పుడో ఒకప్పుడు మార్చాల్సిందే కదా.

వశిష్ఠ_తీరం | ఏప్రిల్ 28

మాస్టారూ, చీలిక విషయం చెప్పి మంచి పని చేశారు. సుత్తి పిడితో కొట్టి చూశాను. ఖణ్‌మనే మోగింది, కుడిపక్క అడుగున మాత్రం కొంచెం తేడాగా ఉంది. ఫైబరు పనివాణ్ణి పిలుస్తున్నాను.

పెయింట్ సంగతి కాస్త వివరంగా చెప్పరా? ఎనామిల్ వేస్తే ఏమవుతుంది?

హార్బర్_పెయింటర్ | ఏప్రిల్ 28

మాస్టారికంటే ముందు నేను కళ్ళారా చూసింది చెప్తాను. ఒక చిన్న బోటుకి క్యాబిన్ చుట్టూ పాలీయురేథేన్ సీలెంట్ కొట్టాం. మర్నాడే పైన ఎనామిల్ వేశాం. మూడో రోజుకి బోటంతా ఆరిపోయింది. సీలెంట్ మీదున్న వేలెడు వెడల్పు గీత మాత్రం ఆరలేదు. పదో రోజున బొటనవేలు పెడితే వేలిముద్ర గీతలతో సహా దిగింది. హార్బరులో గాలికి లేచే ఇసుకా బొగ్గు పొడీ ఆ గీత మీదే వరసగా అంటుకుని, క్యాబిన్ చుట్టూ నల్ల దారం కట్టినట్టు కనపడింది. ఓనరు గారు నన్నే అన్నారు, పెయింట్‌లో కల్తీ చేశానని. మొత్తం గీకి మళ్ళీ వేసిచ్చాను, నా ఖర్చుతో. అప్పటికి నాకు కారణం తెలియదు.

రసాయనం_మాస్టారు | ఏప్రిల్ 28

కారణం ఇదండి. ఎనామిల్ అని మనం కొనేది ఆల్కిడ్ పెయింట్. అందులో నూనె ఉంటుంది. ఆ నూనె గాలిలోని ఆక్సిజన్‌ని పీల్చుకుని గట్టిపడితేనే పెయింట్ ఆరినట్టు. థిన్నర్ ఎగిరిపోవడం ఒక్కటే సరిపోదు. ఇక సీలెంట్ సాగడానికి అందులో ప్లాస్టిసైజర్ అనే మెత్తబరిచే ద్రవం కలుపుతారు. అది మెల్లగా పైకి ఊరి పెయింట్ పొరలోకి చేరుతుంది. సీలెంటులో ఉండే మరికొన్ని పదార్థాలు కూడా ఆల్కిడ్ ఆరడానికి అడ్డుపడతాయి. అందుకే గీత మేరకే జిగట. పాలీయురేథేన్‌తో ఇలా జరగొచ్చు, ఎమ్మెస్ పాలిమర్‌తోనూ జరగొచ్చు. పెయింటర్ గారి తప్పేమీ లేదు.

రెండు డబ్బాలు కలిపి వేసే టూ ప్యాక్ పెయింట్‌కి ఈ బెడద చాలా తక్కువ. దాని గట్టిపడే మందు దానిలోనే ఉంటుంది, గాలి మీద ఆధారపడదు. కానీ దానికి ఇంకో చిక్కుంది. అది గాజులా గట్టి. కింద సీలెంట్ రబ్బరులా సాగుతుంటే పైన గాజు పొర ఏమవుతుంది? సన్నగా బీటలు వారుతుంది. మొదట గీతలు, తర్వాత పెళ్ళలు. కదిలే సందు మీద ఏ పెయింట్ వేసినా ఎంతో కొంత ఇదే జరుగుతుంది. సీలెంట్ కంపెనీలు తమ డేటా షీట్లలో ఈ మాట ముందే చెబుతాయి, పెయింట్‌కి సీలెంట్ అంత సాగే గుణం ఉండదని.

నీళ్ళతో కలిపే యాక్రిలిక్ పెయింట్లు కాస్త సాగుతాయి, ఎమ్మెస్ పాలిమర్ మీద చక్కగా కూర్చుంటాయి. కానీ వలలు రాసుకునే పడవ అంచుకి అవి తట్టుకోవు.

తాళ్ళరేవు_చెక్కపని | ఏప్రిల్ 29

మాది తాళ్ళరేవు. తాతల నాటి నుంచీ చెక్క పడవలు కట్టే ఇల్లు మాది. మీరంతా సీలెంట్ మీద పెయింట్ ఎలా నిలపాలా అని చూస్తున్నారు. అసలు సీలెంట్ మీద పెయింట్ వేయడం ఎందుకని నా ప్రశ్న.

మా పద్ధతి వేరు. పట్టీ పూర్తిగా విప్పుతాం. చెక్కకి నాలుగు పక్కలా, బోల్టు కన్నాల లోపల కూడా పెయింట్ వేసి ఆరబెడతాం. ఫైబరుకి విడిగా వేసి ఆరబెడతాం. ఆ తర్వాత మధ్యలో సీలెంట్ పరిచి బిగిస్తాం. బయటికి పొంగింది తీసేస్తే అంచున సన్నటి గీత మిగులుతుంది. తెల్లది, నల్లది, బూడిద రంగుది ట్యూబులు దొరుకుతాయి కదా, చూడ్డానికి బాగానే ఉంటుంది. దానిమీద పెయింట్ ఊడుతుందన్న టెన్షనే ఉండదు.

చెక్క విప్పకుండా బయటినుంచి సందులో కుక్కితే అది పైపూత కిందే లెక్క. నీరు బోల్టు కన్నంలోంచి దిగుతుంటే మీరు బయట ఎంత పూసినా ఏం లాభం?

హార్బర్_పెయింటర్ | ఏప్రిల్ 29

అన్నా, నువ్వు చెప్పింది పట్టీకి సరిపోతుంది. కానీ క్యాబిన్ మూలల్లాంటి చోట్ల ఓనర్లు ఒకే రంగు కావాలంటారు. అక్కడ సీలెంట్ మీద వేయక తప్పదు. అలాంటప్పుడు నేను ఇప్పుడు చేసేది చెప్తాను. సీలెంట్ సన్నగా, ఉపరితలానికి సమానంగా ఉండేలా లాగుతాను, ఉబ్బెత్తుగా వదలను. వారం రోజులు ఆగుతాను. తర్వాత టూ ప్యాక్ వేస్తాను. రెండేళ్ళకి సన్న గీత వస్తుందని ముందే చెప్పేస్తాను. వస్తే దాన్ని గీకి తిరిగి దిద్దుతాను.

ఏ కొత్త ట్యూబు వచ్చినా ముందు పనికిరాని ఫైబరు ముక్క మీద గీత లాగి, వాడబోయే పెయింటే వేసి చూస్తాను. గోరుతో గీరితే ఊడకూడదు, వేలికి అంటకూడదు. ఆ పదిరోజుల ఓపిక లేకపోతే పని మొత్తం రెండోసారి చేయాలి.

కొల్లేటి_దోనె | మే 1

మధ్యలో వస్తున్నందుకు ఏమనుకోకండి. మాది ఆకివీడు వైపు. చెరువుల మీద మేత చల్లడానికి ఇనుప రేకు పడవ ఉంది. అతుకు దగ్గర కారుతోంది. పాలీసల్ఫైడ్ వాడొచ్చా? నీళ్ళ ట్యాంకుల జాయింట్లకి వాడేది మా దగ్గర సులువుగా దొరుకుతుంది.

రసాయనం_మాస్టారు | మే 1

వాడొచ్చు. పాలీసల్ఫైడ్ నీటిలో మునిగి ఉండే చోట బాగా నిలుస్తుంది. మీకు దొరికేది రెండు భాగాలుగా కలిపేది అయి ఉంటుంది. రంగు మొత్తం ఒకేలా వచ్చేదాకా, డబ్బా అంచుల్లోది కూడా లాక్కుంటూ కలపండి. సరిగ్గా కలవని చోట ఎప్పటికీ మెత్తగానే ఉండిపోతుంది. ముందు తుప్పంతా పోయేలా రుద్ది, ప్రైమర్ వేసి, దానిమీద వేయండి. తుప్పు మీద వేస్తే సీలెంట్ తుప్పుకి అంటుకుంటుంది, రేకుకి కాదు.

ఒకటే జాగ్రత్త. అద్దంలా వాడే యాక్రిలిక్, పాలీకార్బొనేట్ షీట్లు ఉన్నచోట పాలీసల్ఫైడ్ తగలనివ్వకండి. ఆ ప్లాస్టిక్‌ని అది పాడుచేస్తుంది.

మరో మాట. కొరికే పులుపు వాసన, వెనిగర్ లాంటిది, వచ్చే సిలికాన్ ఇనుప పడవకి అస్సలు వద్దు. ఆ వాసన యాసిడ్‌ది, లోహాన్ని తినేస్తుంది.

ప్యూజెట్_తెలుగోడు | మే 2

శుభ్రం చేయడం గురించి నేను చేసిన తప్పు ఒకటి చెబుతాను. సీలెంట్ వేసేముందు సర్జికల్ స్పిరిట్‌తో తుడిచి, తడి ఆరకముందే పాలీయురేథేన్ వేశాను. రెండు వారాలైనా కింద పొర గమ్‌లా సాగుతూనే ఉంది. ఆల్కహాల్ దాన్ని గట్టిపడనివ్వదట. మొత్తం చెంచాతో తోడి తీయాల్సి వచ్చింది.

రసాయనం_మాస్టారు | మే 2

అవును. పాలీయురేథేన్ గాలిలో తేమతో కలిసి గట్టిపడాలి. ఆల్కహాల్ ఉంటే అది ముందు దానితో కలిసిపోతుంది. అలాగని తేమ మంచిది కదా అని తడి చెక్క మీద వేయకండి. నీటితో కలిసినప్పుడు అది కార్బన్ డయాక్సైడ్ వదులుతుంది. తడి ఎక్కువైతే సీలెంట్ లోపల బుడగలు వచ్చి స్పాంజిలా తయారవుతుంది. ఎమ్మెస్ పాలిమర్‌లో ఈ బుడగల సమస్య ఉండదు, ఎండకి పచ్చబడటం కూడా తక్కువ. కొత్తగా చేసేవాళ్ళకి నేను దాన్నే చెబుతాను.

గట్టిపడే వేగం కూడా గుర్తుపెట్టుకోండి. ఏమీ కలపకుండా ట్యూబులోంచి నేరుగా వాడే మామూలు పాలీయురేథేన్ రోజుకి సుమారు 3 మిల్లీమీటర్ల లోతు గట్టిపడుతుంది. పైన చెయ్యి అంటకపోయినంత మాత్రాన లోపల అయిపోయినట్టు కాదు. కోనసీమ తేమకి పైపొర తొందరగా కడుతుంది, అదే మోసం చేస్తుంది.

తాళ్ళరేవు_చెక్కపని | మే 3

వశిష్ఠ తమ్ముడూ, బోల్టుల గురించి రెండు ముక్కలు. కన్నం పై అంచుని కాస్త వెడల్పుగా చెక్కు, గరాటు మూతిలాగా. సీలెంట్ అక్కడ గుండ్రంగా ఉంగరంలా కూర్చుంటుంది. మొదటిసారి బిగించేటప్పుడు గట్టిగా బిగించకు. అలా చేస్తే సీలెంటంతా బయటికొచ్చి చెక్కా ఫైబరూ ఆనుకుంటాయి, మధ్యలో ఏమీ మిగలదు. చుట్టూ సన్నగా పొంగేదాకా బిగించి వదిలెయ్. రెండు మూడు రోజులయ్యాక మిగతాది బిగించు, అదీ బోల్టుని కదలకుండా పట్టుకుని నట్టు మాత్రమే తిప్పాలి. బోల్టు తిరిగితే అంటుకున్నది తెగిపోతుంది.

చెక్క పడవ వాళ్ళు ఎవరైనా చదువుతుంటే వాళ్ళకీ ఒకటి చెప్పాలి. ఎండాకాలంలో పలకలు ఎండి సందులు వెడల్పవుతాయి. ఆ సందుల నిండా గట్టి సీలెంట్ దట్టించారో, నీళ్ళలో దించాక చెక్క ఉబ్బి చోటు లేక పలకలు ఒకదాన్నొకటి నెట్టుకుంటాయి. మేకులు సడలిపోతాయి. మా నాన్న నూలు కుక్కి, పైన గుగ్గిలం నూనెలో కాచి పోసేవారు, అదీ పలక మట్టానికి కొంచెం లోతుగా. ఉబ్బినప్పుడు పైకి రావడానికి చోటు ఉండాలనేవారు. ఇప్పుడు సీలెంట్ వాడినా నేను ఆ లోతు వదులుతాను.

వశిష్ఠ_తీరం | మే 22

ఇన్నాళ్ళూ రాయలేదు, పనిలో ఉన్నాను. పట్టీ విప్పాను. 26 బోల్టుల్లో తొమ్మిది లోపల తుప్పుపట్టి సన్నబడ్డాయి. నీళ్ళు దిగింది ఎక్కువగా వాటి కన్నాల్లోంచే, తాళ్ళరేవు అన్న చెప్పినట్టే. అన్నీ స్టెయిన్‌లెస్‌వి మార్చేశాను. చీలిక దగ్గర పనివాడు వాలుగా అరగదీసి నాలుగు పొరలు కట్టాడు. కుడి అడుగున చెక్క నిజంగానే నానింది, ఆ ముక్క కోసి కొత్తది పెట్టాం.

పడవని ముందు మంచినీళ్ళతో రెండుసార్లు కడిగి మూడు రోజులు నీడన ఆరబెట్టాను. ఉప్పు ఉంటే చెమ్మ లాగుతుందని నాన్నగారు పట్టుబట్టారు.

పెయింటర్ అన్న చెప్పిన పరీక్ష చేశాను. పాత ఫైబరు ముక్క మీద పాలీయురేథేన్ ఒక గీత, ఎమ్మెస్ పాలిమర్ ఒక గీత లాగి, వారం తర్వాత సగానికి మా ఎనామిల్, సగానికి టూ ప్యాక్ వేశాను. పది రోజులకి ఎనామిల్ రెండింటి మీదా జిగటగానే ఉంది, ఎమ్మెస్ మీద కొంచెం తక్కువ. టూ ప్యాక్ రెండింటి మీదా ఆరింది. ముక్కని వంచి చూస్తే టూ ప్యాక్ వెంట్రుకవాసి గీతలుగా పగిలింది.

హార్బర్_పెయింటర్ | మే 22

చూశావా తమ్ముడూ. ఇదే పని పడవంతా చేసి ఉంటే ఇప్పుడు గీకుతూ కూర్చునేవాడివి.

వశిష్ఠ_తీరం | జూన్ 11

చివరికి చెక్కకీ ఫైబరుకీ విడివిడిగా ఎనామిలే వేసి, బాగా ఆరాక తెల్ల ఎమ్మెస్ పాలిమర్ పరిచి పట్టీ బిగించాను. అంచులకి ముందే మాస్కింగ్ టేపు అంటించి, పైపొర కట్టకముందే లాగేశాను. నీలం పడవకి చుట్టూ సన్నటి తెల్ల గీత వచ్చింది. నాన్నగారికి అది బాగా నచ్చింది, పడవకి అంచు చీర కట్టినట్టుందన్నారు.

నిన్న పాయలో దించాం. అడ్డంగా నిలిపి అలలు కొట్టనిచ్చి పట్టీ కింద చెయ్యి పెట్టి చూశాను. ఆ చివరి నుంచి ఈ చివరి దాకా పొడిగా ఉంది. మీ అందరికీ చాలా రుణపడి ఉన్నానండి.

సగం ట్యూబు మిగిలింది. వచ్చే ఏడాదికి పనికొస్తుందా?

రసాయనం_మాస్టారు | జూన్ 11

చాలా సంతోషం బాబూ. వచ్చే ఏడాదికి కష్టమే. తెరిచిన ట్యూబులోకి తేమ ఎలాగూ చేరుతుంది. ముక్కు పూర్తిగా సీలెంట్‌తో నిండి ఉండేలా చూసి, పైన టేపు గట్టిగా చుట్టి, చల్లని చోట పెడితే కొన్ని వారాలు ఆగొచ్చు. ఈలోగా చిన్న పనులేమైనా ఉంటే చేసేయండి. కొత్తది కొనేటప్పుడు ట్యూబు అడుగున గడువు తేదీ చూడండి. ఎండలో పెట్టి అమ్మే దుకాణంలో మాత్రం కొనకండి.

కొల్లేటి_దోనె | జూన్ 12

వశిష్ఠ గారూ, ఆ సగం ట్యూబు నాకివ్వండి, మా పడవ పై అంచుకి సరిపోతుంది. నరసాపురం దాకా వస్తాను.

వశిష్ఠ_తీరం | జూన్ 12

తప్పకుండా అండి. ఆదివారం పొద్దున్న రేవు దగ్గర ఉంటాను, ముక్కుకి టేపు చుట్టి తెస్తాను.